అన్న పేరు మీద పోయిన చెయ్యి

సిరుగుప్ప దగ్గర ఆ రైస్ మిల్లులో ఒక పద్ధతి ఉంది. హమాలీల్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లోంచి ఇంకొకరిని పంపితే చాలు. మేస్త్రీ కెంచప్పకు మనుషుల లెక్క తగ్గకూడదు, అంతే.

"నాకు తలకాయలు సాలప్పా. మొగం ఎవురిదైతే ఏంది?" అని నవ్వుతాడు.

బసవమ్మ పెద్ద కొడుకు తిప్పేస్వామికి జ్వరం వచ్చిన రోజు చిన్నవాడు మారెప్ప అలాగే వెళ్లాడు. తవుడు పైకి మోసే బెల్టులో గోనెపీలిక చుట్టుకుంటే లాగబోయాడు. పీలికతోబాటు కుడిచెయ్యి లోపలికి పోయింది. బెల్టు మీద ఉండాల్సిన రేకు గోడకు ఆనించి ఉంది. మాటిమాటికీ విప్పి బిగించడం ఎందుకని, వడ్ల సీజను మొదలైనప్పటి నుంచి దాన్ని అక్కడే పెట్టేశారు.

బళ్లారి ఆసుపత్రి గుమ్మంలో కెంచప్ప వంగి బసవమ్మ చెవిలో చెప్పాడు.

"అక్కా, మారెప్ప పేరు మిల్లులో లేదు. ఈఎస్ఐ కార్డు పెద్దోనిది. ఆ పేరే సెప్పు, లోపలికి తీస్కుంటారు. లేకుంటే ఈడనే కూసోవాల."

రక్తం టవలు దాటి కారుతోంది. పేరు అడిగినాయనకు ఆమె తిప్పేస్వామి అనే చెప్పింది. వైద్యం బాగానే చేశారు. చెయ్యి మోచేతి దాకా తీసేశారు, ప్రాణం దక్కింది.

తమ్ముడి గాయం మానాక తిప్పేస్వామి మిల్లుకు పనికి వెళితే కెంచప్ప గేటు దగ్గరే ఆపేశాడు.

"నీకు చెయ్యి లేదు కదప్పా. ఎవురన్నా వచ్చి సూస్తే నా గతేమి?"

"ఉండాది కదా మామా, సూడు!"

"నాకు కనపడతాండాది లేరా. కాగితంలో లేదు."

ఇక ఇంటికి మిగిలిన ఆశ ఒక్కటే. చెయ్యి పోయినవాడికి నెలనెలా పింఛను ఇస్తారని ఈఎస్ఐ బీమా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అది కూడా తిప్పేస్వామి పేరు మీదే. బసవమ్మ కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లింది. పెద్దవాణ్ణి బయట నిలబెట్టి, చిన్నవాణ్ణి లోపలికి తీసుకుపోయింది.

మారెప్ప ఎడమ బొటనవేలు వేలిముద్రల మిషను మీద పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. బసవమ్మ ఆ వేలు కొంగుతో తుడిచి మళ్లీ పెట్టించింది. మళ్లీ ఎర్ర లైటే. ఆఫీసరు ఫోటో వంకా మనిషి వంకా చూశాడు.

"యారమ్మా ఇవను? ఎవరితను?"

"నా కొడుకు సార్."

"హెసరేను? పేరు చెప్పమ్మా."

అన్న పేరు చెబితే మిషను కాదంటోంది. అసలు పేరు చెబుదామంటే ఆ పేరు వాళ్ల దగ్గర లేదు. చివరికి బసవమ్మ పెద్దవాణ్ణి లోపలికి పిలిచి, జరిగిందంతా చెప్పేసింది.

"చెయ్యి మళ్లీ మొలిచిందేమో అనుకుంటిని!" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. తిప్పేస్వామి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

ఆఫీసరు నవ్వలేదు. మిల్లుకు ఫోన్ చేశాడు. కెంచప్ప గొంతు గదిలో అందరికీ వినిపించింది.

"మారెప్పనా? ఆ పేరోడు మాతాన ఎప్పుడూ పని చెయ్యలేదు సార్."

ఆఫీసరు ఫోన్ పెట్టేసి గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, ఇది నేను పైకి రాస్తే దొంగపేరుతో వైద్యం చేయించారని మీ మీదే కేసు అవుతుంది. పెద్దవాడి కార్డూ పోతుంది. చిన్నవాడు అక్కడ పనిచేసినాడని మిల్లువాళ్లే చెప్పాల, వాళ్లు చెప్పరు. నేనేమీ రాయలేదు. పిల్లోళ్లను తీసుకుని ఇంటికి పో."

అతను మంచివాడే. అందుకే బసవమ్మకు ఇంకేం అడగాలో తెలియలేదు. దణ్ణం పెట్టి లేచింది.

గుమ్మం దాటుతూ మారెప్ప ఆగాడు.

"నేను మిల్లుకే పోలేదంటాండారు కదమ్మా. మరి నా చెయ్యి యాడ పోయింది?"

 లోపల బంట్రోతు ఇంకొకరి పేరు పిలిచాడు. కర్ర ఊతంతో లేచి వస్తున్న మనిషికి దారి ఇవ్వమని ఆ ముగ్గురినీ పక్కకు జరగమన్నాడు. జరిగారు.