పొడుగు చెయ్యి స్వెటరు

కొండల దేశంలో ‘ఇక్కడే’ అన్న మాటను నమ్మకూడదని నాకు మొదటి రోజే తెలిసింది. పోస్టాఫీసు ఎక్కడని అడిగితే ‘ఇక్కడే’ అన్నారు. నూట అరవై మెట్లు ఎక్కాక ‘ఇక్కడే, ఇంకాస్త పైకి’ అన్నారు. క్షేమంగా చేరానని రాసిన ఉత్తరం డబ్బాలో వేసేసరికి ఆ మాట అబద్ధమైపోయింది.

అలాంటి చోట మూడు వారాలుందామని వచ్చి మూడు నెలలున్నాను. నా గది వీధి వైపు నుంచి చూస్తే మూడో అంతస్తు. పెరటి వైపు నుంచి చూస్తే నేల మీదే ఉంది. ఈ సంగతి తెలియని మొదటి రోజు పొద్దున కిటికీ తలుపు తీస్తే ఓ మేక తల లోపలికి పెట్టి నన్ను పరకాయించి చూసింది. మూడో అంతస్తులో మేకేమిటని నాకు గుండె జారినంత పనైంది. తర్వాత్తర్వాత అది రాని రోజున నాకే తోచేది కాదు.

నిజానికి నేను అక్కడికి వెళ్ళింది స్వెటరు తొడుక్కోవడానికి. మా ఊళ్ళో చలికాలంలోనూ ఫ్యాను తిరగాల్సిందే. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నా భార్య ఒకే ఒక్క స్వెటరు అల్లింది. ‘ఇక్కడ దీన్నెవరు తొడుక్కుంటారే?’ అంటే, ‘మీరు రిటైరయ్యాక కొండల దేశం వెళ్తాం కదా, అప్పుడు చలిలో కూర్చుని అల్లమంటారా?’ అనేది. నేను కాలేజీ లైబ్రరీ తాళాలు అప్పగించిన ఏడాదికి ఆవిడ వెళ్ళిపోయింది. స్వెటరు మిగిలింది. దాని ఎడమ చెయ్యి కుడి చేతి కంటే నాలుగంగుళాలు పొడుగు.

ఆ చేతిని నేను మడిచేవాణ్ణి కాదు. అందుకని అక్కడ అందరికీ ‘పొడుగు చెయ్యి మాస్టారు’నయ్యాను. నేను పాఠాలు చెప్పలేదన్నా వినలేదు. కళ్ళజోడు ఉంటే మాస్టారేనట. ఆ చేతితో పట్టుకుంటే వేడి గ్లాసు కూడా కాలేది కాదు. అది కనిపెట్టి టీకొట్టాయన నాకు మాత్రం అంచు దాకా పోసేవాడు.

ఇల్లుగలావిడకు మాత్రం ఆ చెయ్యి అన్నంలో రాయిలా తగిలేది.

“ఇటివ్వండి అన్నయ్యగారూ, ఓ పూటలో సరిచేయిస్తా.”

“వద్దమ్మా.”

“ఇంట్లో ఆడమనిషి ఉండి కూడా పట్టించుకోలేదని నన్నంటారండీ!”

“అననీలే తల్లీ.”

వెళ్ళే రోజు పైన బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను. చలిగా ఉందని బ్యాగు తెరిచాను. ముందురోజు ఉతకడానికిచ్చిన స్వెటరును తనే సర్దుతానంది ఇల్లుగలావిడ. తీరా చూస్తే స్వెటరు ఉండాల్సిన చోట తుండుగుడ్డలో మూటకట్టిన డజను ఉడకబెట్టిన గుడ్లున్నాయి. ఆవిడ కిటికీ కింద నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

“అమ్మా, స్వెటరేది?”

ఏడుపు టక్కున ఆగింది. “కోప్పడనంటే చెప్తా.”

“కోప్పడను.”

“ఊలు అల్లే అవ్వ లేదూ, ఆ ఊలమ్మ కొట్లో ఉంది. పొద్దున్నే తెచ్చి పెట్టేద్దామనుకున్నా. ఆవిడ కొట్టే తీయలేదు.”

“చెయ్యి కత్తిరించమన్నావా?”

“సరిచెయ్యమన్నా,” అంది నేల చూపులు చూస్తూ.

మాటిచ్చాను కాబట్టి కోప్పడలేదు.

“ఆ కొట్టెక్కడ?”

“ఇక్కడే,” అంది లోయ వైపు చూపిస్తూ.

కండక్టరు తల బయటికి పెట్టాడు. “మాస్టారూ, ఐదు నిమిషాల్లో కదుల్తాం. మళ్ళీ బస్సు శుక్రవారమే!”

“మరి నా సామాను?”

“భయం లేదు. అది మాతోనే వస్తుంది.”

“నా భయం అదేనయ్యా!” అంటూ మెట్లు దిగడం మొదలుపెట్టాను. నా వెనకే ఇల్లుగలావిడ, మెట్టుకో క్షమాపణ చొప్పున.

“మాస్టారూ, టీ!” అన్నాడు టీకొట్టాయన.

“వచ్చేటప్పుడు!”

“ఇంకేం వస్తారు, వెళ్ళిపోతుంటే!”

మంగలాయన ఒకరి గడ్డం సగంలో వదిలేసి, “అటు పాచి ఉంది, ఇటు దిగండి,” అని కత్తితో దారి చూపించాడు. మా మేక నాతో పాటు ఇరవై మెట్లు దిగి, నేను పిచ్చివాణ్ణని తేల్చుకుని వెనక్కి పోయింది. సగం దారిలో పైన హారను మోగింది. బస్సు కదిలింది. నేను ఆగలేదు. ఆగితే మోకాళ్ళు ఆలోచించడం మొదలుపెడతాయి.

ఊలమ్మ రోడ్డు పక్క కొట్లో, ఊలు ఉండల మధ్య తనూ ఒక ఉండలా కూర్చుని ఉంది. ఒళ్ళో నా స్వెటరు.

“కత్తిరించేశారా?” అన్నాను రొప్పుతూ.

“కూర్చో నాయనా. మీ ఆవిడ కుడి చెయ్యి అల్లినప్పుడు వరసలు లెక్కపెట్టుకుంది. ఈ ఎడమ చెయ్యి అల్లేటప్పుడు కబుర్లలో పడింది. అల్లిక పట్టు చూస్తే తెలుస్తోందిగా. ఎవరితోనేంటి అన్ని కబుర్లు?”

“నాతోనే. ఆ ఏడు నాకు కాలు విరిగి, నెలంతా ఇంట్లోనే ఉన్నాను.”

“అయితే ఆ నాలుగంగుళాలూ మీ ఇద్దరివి. వాటిని విప్పడానికి నేనెవర్ని?” అని స్వెటరు విప్పి పట్టుకుంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే ఉంది. కుడి చేతికి నాలుగంగుళాలు కొత్తగా అల్లి ఉంది. బూడిదరంగు స్వెటరుకు వంకాయరంగు ఊలుతో.

“అదే రంగు దొరకలేదు. పోన్లే, ఏది ఆవిడదో ఏది నాదో తెలుస్తుంది,” అంది.

ఇల్లుగలావిడ నెత్తి కొట్టుకుంది. “వినాయకుణ్ణి చెయ్యమంటే కోతిని చేశావేంటి అవ్వా!”

“నోరుముయ్యవే పిల్లా. రెండు చేతులూ సమానంగా ఉన్నాయా లేదా?”

ఉన్నాయి. తొడుక్కుంటే నా రెండు చేతులూ మాయమయ్యాయి.

“సరే, బస్సు ఎలాగూ పోయింది. శుక్రవారం దాకా మీ మేక పక్కనే ఉంటాను,” అన్నాను. అంతలో గుమ్మం ముందు హారను మోగింది.

“ఎక్కండి మాస్టారూ!” అన్నాడు కండక్టరు. “కొండ దిగాలంటే ఈ దారే కదండీ. వచ్చేటప్పుడు చూళ్ళేదా?”

చూడలేదు. వచ్చేటప్పుడు ఆ వంపులన్నీ కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని వచ్చాను.

కిటికీలోంచి చేతులూపాను. ఇల్లుగలావిడ బావురుమంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఇంతలో బస్సు వంపు తిరిగి, మళ్ళీ వాళ్ళ కిందుగానే వచ్చింది. మళ్ళీ చేతులూపాను. ఆవిడ మళ్ళీ ఏడ్చింది, ఈసారి కాస్త తక్కువగా. మూడో వంపుకి ఆవిడ దగ్గర ఏడుపు అయిపోయినట్టుంది. పిట్టగోడ మీంచి వంగి కేకేసింది:

“అన్నయ్యగారూ, గుడ్లు తిన్నారా?”

“ఎలా ఒలుచుకోమంటావమ్మా?” అని రెండు పొడుగు చేతులూ బయటికి పెట్టి చూపించాను.