ఆరు బాణాల తూకం

బాణానికి ఎంత బరువుండాలన్నది చక్రవర్తులు సైతం తేల్చకుండా వదిలివెళ్లిన మహాప్రశ్న. దాన్ని విల్లుల కార్ఖానా వెనకగదిలో, కిటికీ పక్కనున్న కుంటిబల్ల ముందు కూర్చుని, అరవయ్యేడేళ్ల వృద్ధుడొకడు రోజుకు నలభైసార్లు తేల్చి అవతల పెడుతున్నాడు. ఆ ఉదయం కూడా పదిహేడో బాణాన్ని త్రాసు పళ్లెంలో అడ్డంగా ఉంచి, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు. తన ఊపిరి తూకంలో కలవరాదన్నది ఆయన నియమం. ముల్లు నిలిచింది. ముప్పై రెండు గ్రాములు. బాణం చివర బొగ్గుతో ఒక చుక్క పెట్టాడు, రాజముద్ర వేసినంత నిదానంగా.

కార్ఖానాలో అందరూ ఆయన్ని ధర్మకాంట అనేవారు. మనిషి కూడా బాణంలాగే సన్నం. భుజాలు ముందుకు వంగి, ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉండేది. కుడి బొటనవేలికి నలభై రెండేళ్ల జిగురు పేరుకుని, గోరేదో జిగురేదో తెలిసేది కాదు. ఆయన సిద్ధాంతం మటుకు చిన్నది. తేలికబాణం కంటికింపుగా దూసుకుపోతుంది. తీరా తగిలాక చర్మం దగ్గరే చతికిలబడుతుంది. బరువైన బాణం తాపీగా వెళ్లి, వెళ్లిన పని పూర్తిచేస్తుంది. ఇది పుస్తకాల్లోంచి వచ్చిన సిద్ధాంతం కాదు. పాతికేళ్ల వయసులో తాను కట్టిచ్చిన తేలికబాణం తగిలిన దుప్పి ఒకటి మూడోనాడు వాగు ఇసుకలో కనిపించింది. అప్పటికింకా ఊపిరి తీస్తోంది. బాణం తోకకు చుట్టిన దారం తన చేతిదే.

పదకొండింటికి వేటగాడొచ్చాడు. కొత్త బూట్లు, అంతకన్నా కొత్త విల్లు. యజమాని స్వయంగా వెనకగదికి వెంటబెట్టుకొచ్చాడు.

"ఆరు బాణాలు కావాలండీ, తేలికవి. ఎల్లుండి దుప్పి వేటకి వెళ్తున్నా."

"దుప్పికా? ఈ విల్లుకి ముప్పై రెండు గ్రాములకి తగ్గితే లాభం లేదు బాబూ. తగులుతుంది గానీ చావదు."

"వేగం ముఖ్యం కదండీ?"

"అంత వేగంగా పోయి ఏం చేస్తుంది? పలకరించి వస్తుందా?"

వేటగాడు నవ్వాడు. యజమాని నవ్వలేదు.

"పెద్దాయనా, అడిగింది ఇచ్చెయ్యండి. అందరూ తేలికవే అడుగుతున్నారు. వచ్చే నెల నుంచి ఈ తూకమే ఎత్తేస్తున్నా, మీకు చెప్పాగా."

ధర్మకాంట తలూపాడు. ఆయన ఎదురు చెప్పకుండా తలూపడం చూసి యజమానికి అనుమానం రావలసింది. రాలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన తలుపు దగ్గరగా వేశాడు. మొనతో కలిపి ఇరవై రెండు గ్రాములు తూగే తేలిక పుల్లలు ఆరు తీసి, మొన బిగించే చోట చిటికెనవేలంత లోతున తొలిచాడు. ఇత్తడి చువ్వను పదేసి గ్రాముల చొప్పున ఆరు ముక్కలు కోసి, త్రాసు పళ్లెంలో పేర్చుకున్నాడు. తొర్రలో వేడి జిగురు పోసి, ముక్కను దోపి, పైన మొన బిగిస్తే లోపలేముందో ఇక ఆ బ్రహ్మకే తెలియాలి. ఇంత నిజాయితీగా మోసం చేసిన మనిషి చరిత్రలో మరొకడు ఉండడు.

మూడు బాణాలు పూర్తయ్యాయి. నాలుగోదాని తొర్రలో జిగురు పోస్తుండగా తలుపు కిర్రుమంది. పక్కగదిలో బాణాలకు ఈకలంటించే చెల్లెలు, భోజనం డబ్బాతో.

"ఏంటన్నయ్యా, దొంగసొత్తు దాస్తున్నట్టు ఆ ఉలికిపాటేంటి?"

"ఏం లేదు. నువ్వెళ్లు."

"ఏం లేకపోతే మొహం సున్నం కొట్టినట్టు ఎందుకుంది? మళ్లీ గుండెల్లో నొప్పా?"

"తిన్నది అరగలేదు."

"ఇంకా తిననేలేదుగా!"

ఆయన తినేదాకా ఆమె కదల్లేదు. చల్లారిన జిగురును మళ్లీ వేడిచేసి, గబగబా మిగతా మొనలు బిగించేసరికి నాలుగైంది. వేటగాడు తిరిగొచ్చాడని యజమాని గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాడు. అతని ఎదుట ముల్లు ముప్పై రెండు చూపిస్తే గుట్టు రట్టవుతుంది. అందుకని ధర్మకాంట, నలభై రెండేళ్లలో మొట్టమొదటిసారి, బాణాలను తూచకుండానే కట్టగట్టి ఇచ్చేశాడు.

వేటగాడు ఒక బాణాన్ని అరచేతిలో ఆడించి, "దూదిపింజలా ఉంది!" అని మురిసిపోయాడు. పెరట్లో గడ్డిమోపు మీదికి వదిలాడు. తేలికబాణం వదిలితే సణిగే విల్లు ఈసారి సణగలేదు. బాణం ఈకలదాకా దిగిపోయింది.

"చూశారా, తేలికబాణం దెబ్బ!"

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా," అన్నాడు యజమాని. "ఇప్పటికైనా ఒప్పుకుంటారా పెద్దాయనా?"

"ఒప్పుకున్నా."

ఆ ఒక్క మాటతో సామ్రాజ్యం కూలిపోయింది. కూల్చుకున్న చక్రవర్తి తనలో తాను నవ్వుకుంటూ వెనకగదికి నడిచాడు. ఎల్లుండి ఏ దుప్పీ బాణంతో వాగుదాకా ఈడ్చుకుంటూ పోనక్కర్లేదు. ఆరింటిలో ఏది తగిలినా సరే.

ఐదు దాటాక చెల్లెలు ఇంటికి పోదామని పిలవడానికొచ్చింది. అన్నయ్య బల్ల మీద తలవాల్చి ఉన్నాడు, ముల్లు నిలవడం కోసం ఊపిరి బిగబట్టినట్టే. ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

వేటగాడి బండి అప్పటికే ఊరు దాటిపోయింది.

బల్ల మీద త్రాసు ఒక పక్కకు ఒరిగి ఉంది. పళ్లెంలో చిటికెనవేలంత ఇత్తడి ముక్క ఒకటి మిగిలిపోయింది.