ఇద్దరికీ ఒకే నీలి పట్టుగౌను

న్యూపోర్టు రేవులో మా నాన్నకు ఓడల వ్యాపారం. ఆయన్ని చేసుకుంటానని మా అమ్మ డోర్కస్ అన్న రోజున, ఆవిడ అక్క కెజాయా విందుకు వచ్చిన నలుగురి ముందూ "ఆ ఎండుచేప మొహం వాడినా?" అంది. ఆ మాటతో అక్కాచెల్లెళ్లకు మాటలు పోయాయి. నేను పుట్టి, పెరిగి, సూదిపని నేర్చుకున్నా ఆ పంతం వీడలేదు. ఆదివారం ప్రార్థనలో ముందూ వెనుకా బల్లల మీదే కూర్చునేవారు, ఒకరికొకరు కనబడనట్టే.

ఆ ఏడు ఫిలడెల్ఫియా నుంచి స్ట్రౌడ్ అనే చిత్రకారుడు వచ్చాడు. కలిగినింటి ఆడవాళ్లంతా బొమ్మ వేయించుకోవడానికి ఎగబడ్డారు. అమ్మ కూడా కిటికీ పక్కన కూర్చుంది. అతను మొహం వరకే చూసి వేసుకుని, మిగతాది తన బసలో పూర్తిచేసి తెచ్చాడు. బొమ్మలో అమ్మ ఎన్నడూ తొడగని నీలి పట్టుగౌను, మెడలో ముత్యాలు, చేతిలో తెల్ల గులాబీ. నాన్న మురిసిపోయాడు.

కొద్దిరోజులకే, టీకి వచ్చిన పొరుగావిడ గోడ వంక చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"గౌను మీ అక్కనడిగి అరువు తెచ్చుకున్నావా, డోర్కస్? వాళ్లింట్లో బొమ్మకీ ఇదే ఉంది."

అమ్మ టోపీ పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. పెద్దమ్మే తలుపు తీసింది.

"బొమ్మ చూడ్డానికొచ్చా, నిన్ను కాదు," అంది అమ్మ.

"చూసి పో. రాజుగారు చూపుకి ఇంకా పన్ను వెయ్యలేదుగా."

అదే గౌను, అవే ముత్యాలు, అదే గులాబీ. చేతులు కూడా అవే.

"నా చేతులు నీకు పెట్టాడే," అంది అమ్మ.

"నీ వేళ్లు అంత సన్నంగా ఎప్పుడున్నాయే?"

"ముందు నీకు నడుం ఎప్పుడుందో చెప్పు."

పెద్దమ్మ చిత్రకారుడికి కబురంపింది. అతను టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"గౌనూ చేతులూ లండన్ నుంచి వచ్చిన ఓ అచ్చుబొమ్మ చూసి వేసినవి, అమ్మగారూ. ఊళ్లో ఇంకొందరికీ అవే వేశాను. మొహాలు మాత్రం మీవే. వాటితోనే నా ప్రాణం పోయింది. కుదురుగా కూర్చుంటేగా?"

"ఎవరు, నేనా?" అన్నారు ఇద్దరూ.

"మీరేమో, 'మా చెల్లికి చలికాలం దగ్గు తగ్గిందా' అని తల తిప్పేవారు. ఈవిడేమో, 'మా అక్క మోకాలెలా ఉంది, మెట్లెక్కుతోందా' అని. మాట్లాడే నోటిని ఎలా వెయ్యను?"

పెద్దమ్మ కిటికీ బయటికి చూస్తూ నిలబడింది.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది," అంది చివరికి. "మీ ఆయన మంచివాడేనటగా."

"మంచివాడే," అంది అమ్మ. "మొహం సంగతి మాత్రం నువ్వన్నది అబద్ధమేం కాదు."

పెద్దమ్మ కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తను నవ్వచ్చో లేదో తెలియక చిత్రకారుడు టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. అతనికి టీ పోశారు.

అప్పుడు పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. గడ్డం పట్టుకుని, నా మొహాన్ని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"మన అమ్మ కళ్లే," అంది.

"ముక్కు కూడా," అంది అమ్మ, పక్కకు వచ్చి నిలబడి.