పేరు చెప్పండి

ఆమె మొగుడు జనానికి బతకడం నేర్పేవాడు. ఇంట్లో తన సాక్సులు ఏ సొరుగులో ఉంటాయో తెలియని మనిషి, హాలు నిండా కూర్చున్నవాళ్ళకు సుఖంగా ఉండడం ఎలాగో గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు. మూడే సూత్రాలు: బాధ పేరెత్తకు, వెనక్కి తిరిగి చూడకు, అద్దం ముందు నిలబడి నవ్వు. అంతే! ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు జనం తల కొట్టుకుంటూ టిక్కెట్లు కొనేవారు.

ఆ సూత్రాలకు రుజువు ఆమే. వాళ్ళ పాప నడక రాకముందే జ్వరంతో పోయింది. నెల తిరక్కుండా అతను దాన్ని కథగా మలిచాడు. ప్రతి సభలోనూ ఆ కథ చెప్పి, "అంత దెబ్బ తిన్న తల్లి ఇవాళ ఎలా ఉందో మీరే చూడండి" అని ఆమెను వేదిక మీదికి పిలిచేవాడు. ఆమె వచ్చి నవ్వేది. చప్పట్లు మోగేవి. ఇంట్లో మాత్రం ఆమె కళ్ళు తడి అయితే చాలు, "మళ్ళీ మొదలెట్టావా?" అని విసుక్కునేవాడు. ఏడవాలంటే ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకోవాల్సి వచ్చేది. పాప పేరు మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఆ సాయంత్రం వేదిక వెనక, టై సరిచేసుకుంటూ అతను చల్లగా చెప్పాడు.

"ఇవాళ పాప ఫొటో పెద్ద తెర మీద వేయిస్తున్నా. నీ ఫోన్లోంచి మన ఆఫీసువాళ్ళు తీశార్లే. నువ్వు దాని వైపు చూసి నవ్వు. జనం కదిలిపోతారు."

"ఆ ఫొటో వద్దండీ."

"నీ ఒక్కదాని కోసం కార్యక్రమం మార్చలేను. నవ్వితే నీ సొమ్మేం పోతుంది?"

ఆమె ఒళ్ళు మండిపోయింది. కోపం గొంతు దాకా వచ్చింది గానీ మింగేసింది. ఇక్కడ అరిస్తే వినేది నలుగురే. ఈయన పరువు తీయాలంటే ఆ హాలంతా చూస్తుండగానే తీయాలి అనుకుంది.

తెర మీద పాప బోసినవ్వు వెలిగింది. అతను పిలిచాడు. ఆమె వెళ్ళి మైకు అందుకుంది. నవ్వలేదు.

"ఏమండీ, ఈ పాప పేరేంటి?"

"మా ఆవిడ నాకే పరీక్ష పెడుతోంది" అన్నాడతను. జనం నవ్వారు.

"పేరు చెప్పండి."

"అది... ఆ సంఘటన తర్వాత మేం..."

"సంఘటన కాదు, మీ కూతురు. మొహం చూపించారుగా, పేరు కూడా చెప్పండి."

అతను తెర వైపు తిరిగాడు. ఎన్నో సభల్లో కథ చెప్పాడు గానీ, పాప పోయాక ఆ మొహాన్ని అతను చూడడం అదే మొదటిసారి. పేరు చెప్పబోయాడు. మొదటి అక్షరం దాటి రాలేదు. అంత మనిషీ మోకాళ్ళ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇదీ పాఠంలో భాగమే కాబోలనుకుని ముందు వరుసవాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు.

"చేతులు దించండి!" అని ఆమె కసిరింది. చప్పట్లు ఆగిపోయాయి.

అతను ఆమె వైపు చెయ్యి చాచాడు. "ఇంటికెళ్ళిపోదాం పద. నా వల్ల కావట్లేదు."

ఆమెకు జాలి కలగలేదు. హాయిగా ఉంది, సిగ్గు విడిచి చెప్పాలంటే చాలా హాయిగా ఉంది. వేదిక మీది కుర్చీ ఒకటి లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఇంకాసేపు ఏడవండి" అంది. "నేను చూడాలి."