ఊపిరాడని చీటీల డబ్బా

“నేను మీటింగు నడిపితే గోడలు కూడా ఆలోచనలు చెప్తాయి బాబాయ్!” అని తుంపర కోసిన కోతకి, గొడుగులు తయారుచేసే ఆ గది మొత్తం తలెత్తి చూసింది. తుంపర ఆమె ముద్దుపేరు. బాబాయ్ ఆ గదికి యజమాని.

“సరే. మడిచిన గొడుగులోంచి నీళ్ళు కారి బట్టలు తడుస్తున్నాయని వారం రోజులుగా కొన్నవాళ్ళ గోల. మధ్యాహ్నంలోపు ఏదైనా దారి దొరికితే కొత్త రకాల పని నీదే. లేదంటే మళ్ళీ పిడులు బిగించే బల్ల దగ్గరికే.”

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. గోడల సంగతి అలా ఉంచితే, పావుగంటసేపు మనుషులే నోరు విప్పలేదు. ఊచలు బిగించే మావయ్య తన బొటనవేలి గోరును పరీక్షకు చదువుతున్నట్టు చూశాడు. కుట్టే అక్క ఏదో అనబోయింది.

“అయ్యే పనేనా?” అన్నాడు గుడ్డ కత్తిరించే తాతయ్య. అక్క నోరు మూసుకుంది.

 కానీ తుంపర దగ్గర ఉపాయం ఉంది. కాళ్ళ దగ్గర నుంచి, మూతకి చీలిక ఉన్న రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరూ ఎవరినీ ఏమీ అనొద్దు. పేరు రాయకుండా చీటీలు రాసి ఇందులో వేయండి. పిచ్చివైనా పర్లేదు.”

ఆశ్చర్యం! అందరూ వంగి గీకడం మొదలుపెట్టారు. ముందుగా అక్క లేచింది. చీటీ లోపలికి పోలేదు. వేలితో తోసింది. ఊచతో పొడిచింది.

“ఇంకా ఎవరం వేయనేలేదు. అప్పుడే దీనికి అజీర్తేంటే?” అన్నాడు మావయ్య.

బాబాయ్ మూత తీశాడు. చీటీలు ఎగిరి ఒళ్ళో పడ్డాయి. “గొడుగుకి ఫ్యాను… గొడుగుకి తువ్వాలు… తడి లేని వాన…” చదువుతూ ఆగాడు. అన్నీ ఒకే ఆకుపచ్చ సిరా.

తుంపర రెండు చేతులూ బల్ల కిందికి జారాయి.

బాబాయ్ అక్క చేతిలోని చీటీ తీసుకుని చదివాడు. “మిగిలిన గుడ్డతో గొడుగు కొసకే తొడుగు కుట్టేద్దాం. మడవగానే పిడి దాకా లాక్కోవచ్చు. ఎక్కడా పారేసుకోరు.”

తాతయ్య అప్పటికే కత్తెర అందుకున్నాడు.

“దారి దొరికింది. కొత్త రకాల పని నీదే, తుంపరా. కానీ ఈ ముప్పై ఏడు చీటీలూ ఎవరు రాశారు?” అన్నాడు బాబాయ్.

“నేనే బాబాయ్. మీరెవరూ రాయరేమోనని భయమేసి, నిన్ననే నింపేశా. అనుమానం రాకుండా చివరి పదీ ఎడమ చేత్తో రాశా.”