గాలయ్య కాక చెవుల్లో దూది

నిప్పంటే భయంలేని మనిషి భివండి మొత్తంలో ఒక్కతే ఉంది. అది నేను. ఆ మంగళవారం పొద్దున మా నార్పోలి మరమగ్గాల కార్ఖానాలో చిటికెడు దూదికి లైటర్ అంటించి, కెవ్వుమని నూలు చుట్టిన బీము వెనక దాక్కున్నది కూడా నేనే.

అది మామూలు దూది కాదు. కాలేజీ గ్యాదరింగ్‌లో గారడీ చేద్దామని ఆన్‌లైన్‌లో తెప్పించిన నైట్రోసెల్యులోజ్. చూస్తే సాంచల కింద, అంటే మరమగ్గాల కింద, ఎగిరే దూదిలాగే ఉంటుంది. అగ్గి తగిలిందా, బూడిద కూడా మిగలకుండా భగ్గుమంటుంది. ఒకప్పటి సినిమా రీళ్లు ఈ సరుకుతోనే చేసేవాళ్లట. మా దగ్గర సాంచ నడిపే గాలయ్య కాకను హడలగొడదామని కొంచెం ఆయన సాంచ మీద వెలిగించి, మిగతాది దాని అవతలి చివర పెట్టాను. ఆ మంట కల్యాణ్ దాకా కనిపించి ఉంటుంది. కాక మాత్రం మోత పడక చెవుల్లో దూది పెట్టుకుని, అటు తిరిగి తెగిన పోగు ముడేసుకుంటున్నాడు.

చూసింది మా తాత కనుకయ్య. కార్ఖానా ఆయనదే. ఆయనకు కనిపించినవి రెండే: మంట, కాక చెవి మీది బీడీ. మెయిన్ స్విచ్ దించాడు.

"కార్ఖానల బీడీ ముట్టిస్తవురా? చల్, నికల్! రేపటిసంది రాకు!"

కాక చెవుల్లోని దూది తీసి పారేశాడు. "నేను ముట్టియ్యలే సేటూ. పిల్లల మీద ఒట్టు."

"మరి మంట మొగులు మీదికెల్లి పడ్డదా?"

ఇరవై రెండేళ్ల కొలువు. చెబితే పోయేది నా పరువు, చెప్పకపోతే కాక ఇంట్లో అన్నం. నేను చాలా శ్రద్ధగా నూలు కండెలు సర్దాను.

"నీ తిట్లకంటె సాంచల మోతనే నయం సేటూ," అంటూ కాక సాంచ అవతలి చివర నుంచి చేతికందిన దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుని వెళ్లిపోయాడు.

అది నా దూది.

గేటు దగ్గర ఆగి బీడీ నోట్లో పెట్టాడు. అగ్గిపెట్టె తీశాడు.

"కాకా! ముట్టియ్యకు!"

ఎలా వినపడుతుంది? పరుగెత్తి అగ్గిపెట్టె గుంజుకుని, రెండు చెవుల దూదీ పీకేశాను.

"ఏందే పిల్లా! కొలువు పాయె, బీడీ గూడ తాగనియ్యవా?"

వెనకే తాత వచ్చాడు. నా గుప్పిట్లోని దూదిని, తర్వాత నా మొహాన్ని చూశాడు.

"కాజల్, నీ కనుబొమ్మ సగమేది?"

పుట్టినప్పటి నుంచి గంతేనని చెప్దామనుకున్నాను. గుప్పిట విప్పాను.

"మంట నేనే పెట్టిన తాతా. కాక చెవులల్లున్నది గూడ గా మందు దూదే. నువ్వు ఎల్లగొట్టేటప్పుడు నేను గక్కడనే ఉన్న. అన్నీ ఇన్న. చెప్పలే."