మూడు భాషల్లో తెలీదు

“టీచరమ్మ రమ్మందంటే గుంటని బళ్ళోంచి తీసీడానికే మావా. ఇంకేటుంటాది.”

నేనీ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. మా ముత్యాలు బడినుంచి వచ్చి, పలక గోడకి ఆనించి, “అమ్మా, రేపు నిన్ను టీచరమ్మ రమ్మంది” అని మాత్రమే చెప్పింది. ఎందుకు రమ్మందే అని అడిగితే “తెలీదు” అంది. 

మా ఆయన అప్పలసామి గుమ్మంలో కూర్చుని రబ్బరు గీసే కత్తికి నూనె రాస్తున్నాడు. తలెత్తలేదు. “రమ్మంటే ఎల్లు. కొరికేత్తాదేటి,” అన్నాడు.

“పేరు కొట్టేస్తే?”

“కొట్టేస్తే మళ్ళీ రాయించుదాం లా. అదేటి రబ్బరు సెట్టా, ఒకపాలి నరికితే మళ్ళీ నిలబడకపోడానికి.”

మలాయివాళ్ళ మాదిరి మాట చివర ‘లా’ తగిలించే ఆయనకి నవ్వు తొందరగా వస్తుంది. నాకు రాదు. ఈ మలాయి దేశంలో, సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటలో ఏటేటా నవంబరు నెలలో పెద్ద మాస్టరుగారు ఒక జాబితా రాయిస్తారు. చదువు ఎక్కినవాళ్ళు పై తరగతికి వెళ్తారు. ఎక్కలేదని రాసిన ఆడపిల్లలు ఆయాకొట్టాయికి పోతారు. పాలు గీయడానికి వెళ్ళే తల్లులు చంటిపిల్లల్ని వదిలిపెట్టే పాక అది. వరసగా గుడ్డ ఉయ్యాలలు కట్టి ఉంటాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఊపాలి. చేతులు గట్టిపడ్డాక కలుపు తీతకి పంపిస్తారు. నేను మూడో తరగతి తరవాత ఆ దారినే వెళ్ళాను. మా అయ్య ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను గాని, లేకపోతే అదీ లేదు. నా కూతురు కూడా ఉయ్యాల తాడు పట్టుకుంటుందా అన్నదొక్కటే నా భయం. అదొక్కటే అన్నాను గాని, నాకు ఇంకో భయం కూడా ఉంది. అది తరవాత చెప్తాను.

బడిలో పాఠాలు అరవంలో చెప్తారు. రత్నావతి టీచరమ్మ మాత్రం ఈపోలో పుట్టిన తెలుగుపిల్ల. ఇరవై మూడేళ్ళుంటాయేమో. టీచర్ల చదువు ముగించుకుని ఆ జనవరిలోనే వచ్చింది. నన్ను “అక్కా” అని పిలిచి స్టూలు చూపించింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే అవతల ఏం చెప్తుందో అని భయం.

ఆమె ఒక నోటు పుస్తకం తీసింది. ఒక్కొక్క పిల్లకి ఒక్కొక్క పేజీ. ముత్యాలు పేజీలో పైనుంచి కిందదాకా ఒకటే మాట ఉంది.

“చూడండి అక్కా. పండు ఇష్టమా, మిఠాయి ఇష్టమా అని అడిగాను. తెలీదు అంది. నీ పక్కన కూర్చున్నదెవరు? తెలీదు. నీ పేరేమిటి? అదీ తెలీదే. అరవంలో అడిగితే తెరియాదు అంటుంది. సరదాకి మలాయిలో అడిగి చూశాను. తా తావు అంది.”

“పిల్లకి మూడు బాసలొచ్చండి,” అన్నాను. అది ఎందుకన్నానో నాకే తెలియదు.

టీచరమ్మ నవ్వలేదు. “నేనే తికమక పడుతున్నాను. రాని పిల్ల తల వంచుకుంటుంది. భయపడే పిల్ల గోళ్ళు కొరుకుతుంది. ఈ పిల్ల రెండూ చెయ్యదు. అడగ్గానే నవ్వు మొహంతో తెలీదు అంటుంది. అనేసి ఇలా చెయ్యి చాస్తుంది.” ఆమె తన అరచెయ్యి నా ముందు చాపి చూపించింది. “ఎందుకు చాస్తుందో మీకేమైనా తెలుసా?”

నాకు తెలుసు. 

“తెలీదు టీచరమ్మా,” అన్నాను.

ఆమె రెండు గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసింది. రెండూ ఒకే ఎత్తు. ఒక గ్లాసు నీళ్ళు తీసి సన్నటి పొడుగు సీసాలో పోసింది. “ఇప్పుడు దేంట్లో ఎక్కువ అని అడుగుతాను. కొందరు పిల్లలు సీసాలో అంటారు. కొంచెం పెద్దయ్యాక ఒకటే అంటారు. పిల్ల అంటే పొట్టి పెద్దమనిషి కాదు అక్కా. దాని కంటికి లోకం వేరేగా కనిపిస్తుంది. తప్పు చెప్పినా నాకు పనికొస్తుంది. ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. తెలీదు అంటే తలుపు మూసేసినట్టే. వెనకాల గది ఉందో లేదో నేనెలా చెప్పను?”

తప్పు చెప్పినా పనికొస్తుందట. మా రోజుల్లో తప్పుకి బెత్తం ఉండేది. ఈమె చదివిన చదువు మంచిదో కాదో నాకు అర్థం కాలేదు.

“శనివారం జాబితా ఇవ్వాలి,” అంది టీచరమ్మ. “శుక్రవారం మీరు కూడా రండి. మీ ఎదుటే అడుగుతాను. ఏదో ఒకటి చెప్పిందంటే చాలు, రెండో తరగతికి రాస్తాను. ఏదీ చెప్పకపోతే రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు.”

ఇంటికి వస్తూ దారి పొడుగునా నా అరచెయ్యి చూసుకున్నాను.

ముత్యాలుకి నాలుగేళ్ళున్నప్పుడు మేముండే కూలీ లైన్ల చుట్టూ ముళ్ళ కంచె ఉండేది. ఇప్పటికీ ఉంది. మెర్డెకా వచ్చి రెండు నెలలైంది. ఆఫీసు వరండాలో కాగితం జెండాలు ఇంకా ఎండుతున్నాయి. కాని ఆ సొతంత్రం కంచె ఇవతలకి కూడా వచ్చిందో లేదో మాకెవరూ చెప్పలేదు. పిల్లకి నాలుగేళ్ళున్న ఆ రోజుల్లో, సర్కారు మీద తిరగబడి అడవిలో దాక్కున్న తుపాకీవాళ్ళకి పిడికెడు బియ్యం చేరిందని తెలిస్తే చాలు, ఇంటిల్లిపాదినీ తీసుకుపోయేవారు. తల లెక్కన బియ్యం ఇచ్చేవారు. గేటు కాడ మాతా, అంటే పోలీసు, పనికి వెళ్ళేవాళ్ళ సంచులన్నీ వెతికేవాడు. పిల్లలకి మిఠాయిలిచ్చి ముద్దుగా అడిగేవాడు. రాత్రి మీ ఇంట్లో ఎంతమంది తిన్నారు? అమ్మ ఎన్ని డబ్బాల బియ్యం వండింది?

మా పక్క లైనులో వీరాస్వామి కొడుకు ఐదేళ్ళవాడు, “నిన్న మామ వచ్చి అన్నం తిని ఎల్లిపోయినాడు” అని చెప్పాడు. ఆ వచ్చింది నిజంగా మేనమామే. బంటింగ్ నుంచి వచ్చాడు. ఆ సంగతి తేలేసరికి వీరాస్వామి పదకొండు నెలలు జైల్లో ఉండిపోయాడు. తిరిగి వచ్చాక కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

ఆ వారమే నేను మొదలుపెట్టాను. సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి, ముత్యాలుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేనే మాతా అయ్యేదాన్ని. గొంతు మార్చి అడిగేదాన్ని. పాపా, మీ నాన్నెక్కడ? తెలీదు అంటే చిన్న బెల్లం ముక్క. మీ ఇంట్లో ఎంతమంది? తెరియాదు అంటే బెల్లం ముక్క. మూడు భాషల్లోనూ తడబడకుండా చెప్తే రెండు ముక్కలు. నవ్వుతూ చెప్పాలి, ఏడుస్తూ చెప్తే అనుమానం వస్తుంది అని కూడా నేనే నేర్పాను. మొదట రోజూ, తరవాత ఆదివారం ఆదివారం. మొన్నటి ఆదివారం కూడా.

ఇది టీచరమ్మకి ఎలా చెప్పను? చెప్తే ఆమె నోటు పుస్తకంలో రాసుకుంటుంది. పుస్తకం మాస్టరుగారు చూస్తారు. అక్కణ్ణుంచి అది ఎవరెవరి చేతుల్లో పడుతుందో. అదే నా రెండో భయం. ఒక భయాన్ని తప్పిద్దామంటే రెండోది ముందుకొస్తోంది.

ఆ సాయంత్రం పక్కింటి శివగామి, చీపురు కోసం వచ్చి, నేను బియ్యాన్ని పాలడబ్బాలోంచి సీసాలోకి, సీసాలోంచి డబ్బాలోకి పోస్తుంటే నిలబడిపోయింది. శివగామి అరవమనిషి. మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగే వచ్చేసింది.

“ఎన్నక్కా, బియ్యానికి స్నానం పోస్తున్నావేటి?”

“దేంట్లో ఎక్కువో సూడు.”

ఆమె వంగి చూసింది. “సీసాలోనే కొంచెం ఎక్కువున్నట్టుంది.”

“ఒకే బియ్యమే.”

“నాకేటి తెల్సు, నువ్వు పోసింది నువ్వే సూడాల. బడి గుంటలకా ఈ ఆట? మా రోజుల్లో ఏడు ఎక్కం రాకపోతే కొట్టేవోళ్ళు, అంతే. నీళ్ళు పోసి అడిగేవోళ్ళు కాదు.” చీపురు తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగింది. “అయినా ముత్యాలుకి బుర్ర లేదనెవరన్నారు? మొన్న నా కోడి ఏ ఇంట్లో గుడ్డు పెట్టిందో అడిగినాను. తెలీదు అన్నాది. గుడ్డు దాని గౌను జేబులోనే ఉన్నాది.”

ఆమె వెళ్ళాక ముత్యాలుని కూర్చోబెట్టుకున్నాను.

“ఇదిగో. టీచరమ్మ అడిగితే సెప్పాల. తెలీదు అనకూడదు.”

“గేటు కాడ?”

“గేటు కాడ తెలీదు అనే సెప్పు.”

“బళ్ళో టీచరమ్మ మన ఇంట్లో ఎంతమంది అని అడిగితే?”

 “అది… తెలీదు అను.”

“గేటు కాడ మాతా సీసాలో ఎక్కువా గ్లాసులో ఎక్కువా అని అడిగితే?”

“అతను అలా అడగడే.”

“అడిగితే?”

 మా ఆయన వీపు మాకు పెట్టి కూర్చుని అంతా వింటున్నాడు. “అమ్మకే తెలీదు లా,” అన్నాడు. ఈసారి ఆయన కూడా నవ్వలేదు.

“ఏది సెప్తే బెల్లం?” అని అడిగింది ముత్యాలు.

ఆ రాత్రి బెల్లం డబ్బా తీయలేదు. తీస్తే దేనికి ఇస్తున్నానో నాకే తెలియలేదు.

తెల్లారినుంచి పిల్ల మాట్లాడలేదు. అన్నం పెట్టనా అంటే తల ఊపింది. నీళ్ళు కావాలా అంటే చెంబు వైపు చూసింది. తెలీదు అన్న మాట కూడా పోయింది. ఉన్న ఒక్క మాటా నేనే లాగేసుకున్నానా అనిపించింది. గురువారం బడినుంచి వచ్చి చాప మీద కూర్చుని, మూసిన బెల్లం డబ్బా వైపు చాలాసేపు చూసింది. జ్వరం వచ్చిందేమో అని పదిసార్లు మెడ కింద చెయ్యి పెట్టి చూశాను. జ్వరం లేదు. ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. జ్వరానికి ఆసుపత్రిలో మందుంటుంది.

శుక్రవారం పాలు గీసి, బకెట్లు తూకానికి అప్పజెప్పి, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా బడికి వెళ్ళాను. మిగతా పిల్లల్ని బయటికి పంపించి టీచరమ్మ మా ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ రోజు నేను కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే గేటు కనిపిస్తుంది. తుపాకీ భుజానికి తగిలించుకుని మాతా ఒకడు ఎండలో నిలబడి ఉన్నాడు. ఇంత దూరానికి మా మాటలు వినిపించవని తెలుసు. తెలిసినా ఒకటికి రెండుసార్లు చూశాను.

టీచరమ్మ నీళ్ళు పోసింది. రెండు గ్లాసులూ సమానం. ముత్యాలు గడ్డం బల్లకి ఆనించి చూసింది. తరవాత టీచరమ్మ ఒక గ్లాసు నీళ్ళు సన్న సీసాలోకి పోసింది. నీళ్ళు సీసా మెడదాకా ఎక్కాయి.

“దేంట్లో ఎక్కువ, ముత్యాలూ?”

పిల్ల నా వైపు చూసింది. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. పెదవులు కదిలి ఆగిపోయాయి. జాబితా కాగితం బల్ల మీదే ఉంది. దాని మీద పెన్సిలు ఉంది.

టీచరమ్మ మళ్ళీ అడగలేదు. నా వైపు తిరిగింది. “పోనీ, మీరు చెప్పండక్కా. దేంట్లో ఎక్కువ?”

“తెలీదు టీచరమ్మా,” అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నవ్వు మొహంతో కూడా అన్నాననుకుంటాను. ముత్యాలు నా మొహం చూసి, తరవాత ఒళ్ళో ఉన్న నా చెయ్యి వైపు చూసింది. నేనూ చెయ్యి చాస్తానేమో అని చూసిందేమో.

అప్పుడు లెక్కపెట్టుకున్నాను. ఆఫీసులో దొర అడిగితే తెలీదు. ఆసుపత్రిలో పిల్ల పుట్టిన తేదీ అడిగితే తెలీదు. మొన్న ఇదే గదిలో ఇదే టీచరమ్మకి తెలీదు. పిల్లకి నేర్పానని ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను. నాకెవరు బెల్లం పెట్టి నేర్పారో గుర్తు లేదు.

గేటు వైపు ఇంకోసారి చూశాను. 

“రెండూ ఒకటే టీచరమ్మా,” అన్నాను. “మా ఇంట్లో మేం ముగ్గురం. పూటకి రెండు డబ్బాల బియ్యం వండుతాను. కుండలో పోసినా, సీసాలో పోసినా రెండే. ఈ గుంటకి తెలీదు అనడం నేర్పింది నేనే. బెల్లం పెట్టి నేర్పినాను. గేటు కాడ సెప్తాదని బయపడి.”

 టీచరమ్మ పుస్తకం తెరుస్తుందేమో అని చూశాను. తెరవలేదు. “మీరు నాకంటే గట్టి టీచరక్కా,” అంది చిన్నగా. “నేను ఏడాదంతా చెప్పిన పాఠం ఒక్కటీ అంత గట్టిగా ఎక్కలేదు.” మెచ్చుకుందో దెప్పిందో తెలియలేదు. నా జవాబు ఒప్పని గాని తప్పని గాని చెప్పలేదు. పిల్ల వైపు తిరిగి, చేతులు కట్టుకుని కూర్చుంది.

 బయట పిల్లలు ఏదో ఆటలో అంకెలు లెక్కపెడుతున్నారు. ఆ లెక్క ముగిసి మళ్ళీ మొదలైంది. గేటు కాడ లారీ ఒకటి ఆగి, వెతికించుకుని, వెళ్ళిపోయింది. సీసాలో నీళ్ళు కదలడం మానేశాయి. నేను పిల్లని గిల్లుదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. ముత్యాలు సీసా చూసింది, గ్లాసు చూసింది, నన్ను చూసింది. నన్ను చూసిన చూపులో ఏదో కోపం ఉంది. ఆ కోపం నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

“కాదమ్మా,” అంది. “సీసాలోనే ఎక్కువ. నీళ్ళు ఎంత పైకొచ్చినాయో సూడు.”